పారుచున్న కాలువను సరిదిద్దుట



బండిని నిలిపి ఇరుసు మార్చవచ్చును. ఇల్లు ఖాళీచేసి పైకప్పు దింపి కొత్తది వేయవచ్చును. మోట బావిని ఎండకాలమున తోడించి ఒడ్డు కట్టవచ్చును. ఇవన్నియు నిలిపి చేయు పనులు. కాని నిలుపుటకు వీలులేని పనిని మార్చవలసి వచ్చినపుడు ఏమి చేయవలయును? పైరు దాహముతో ఉన్నపుడు పారుచున్న కాలువను, దినదినమును జరుగుచున్న లెక్కను, మధ్యలో తెగకుండ మార్చుట యెట్లు? ఈ ప్రశ్నకు మన దేశమున నదులయొద్ద చెప్పిన జవాబు ఒకటి కలదు. రైలు టిక్కెట్ల యొద్ద చెప్పినది ఒకటి కలదు. ఈ కాలపు కంప్యూటరులయొద్ద చెప్పినది మరియొకటి కలదు. మూడును ఒక్క జవాబే యని నాకు తోచుచున్నది. దానిని మీకు విన్నవించుటే నేటి నా ప్రసంగము.

ముందుగా నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పవలసి యున్నది. నేను పెద్దవంగరవాడను. సుమారు ఏబది యేండ్ల క్రిందట, యాసంగి పంటనాడు, మా చెరువు తూము మూత పుచ్చి, నీరు రేయింబవళ్లు వృథాగా కారుచుండెను. ఊరి పెద్దలు కొందరు కూడిరి. అప్పుడు వయసున చిన్నవాడనైనను, నాలుగక్షరములు వచ్చినవాడనని నన్నును కూర్చుండబెట్టిరి. కొయ్య మూత తీసివేసి ఇనుప పలక వేయవలెనని నిర్ణయించితిమి. దానితోపాటు, వంతుల విషయమున తగవులు పెరిగినవి గనుక, కొత్త పలక పడిన దినముననే కొత్త వంతుల పట్టీ కూడ మొదలు పెట్టవలెనని నేను చెప్పితిని. పట్టీ వ్రాసినది నేనే.

తలాపున ఉన్న మడినుండి కడపటి మడివరకు నీరు ఒక చుట్టు తిరుగుటకు ఎనిమిది దినములు పట్టును. మేము తూము మార్చిననాటికి అయిదు దినముల వంతు తీరి, మూడు దినముల వంతు మిగిలి యుండెను. మా నీరటి వృద్ధుడు. చదువు లేనివాడు. అతడు నాతో, "పటేలా, పాత వంతు ఇంక తెగలే. అది తెగినంక కొత్తది మొదలు పెట్టుండ్రి" అనెను. కొత్త పట్టీ మొదటి పేరునుండియే మొదలు కావలెనని నేను పట్టు పట్టితిని. చక్కగా వ్రాసిన కాగితము చేతిలో ఉన్నవానికి ఇతరుల మాట చెవిన పడదు.

ఫలితము మీరే ఊహించగలరు. తలాపు పొలములవారు వారము తిరుగకముందే రెండవసారి నీరు పెట్టుకొనిరి. కడపటి పొలములకు, తూము పనికి పట్టిన దినముతో కలిపి, పదునాల్గవ దినమునకుగాని నీరు చేరలేదు. కాలువ కొనయందు ఒక వితంతువునకు ముప్పది గుంటల మడి యుండెను. పైరు పొట్టకు వచ్చిన సమయము. కంకులు తాలు పోయెను. ఆమె ఎవరిని తిట్టలేదు. ఎండిన మొలక గుప్పెడు తెచ్చి చావడి అరుగుమీద ఉంచి, "నా వంతు ఎటు పోయింది పటేలా?" అని అడిగెను. ఆ యేడు మేము తలా కొంత వేసి ఆమెకు గింజలు కొలిచితిమి. ఆమె తీసికొనెను. ప్రశ్నకు మాత్రము మాలో ఎవరమును జవాబు చెప్పలేకపోయితిమి.

ఇనుప పలక చెడ్డది కాదు; ఈనాటికిని అట్టి పలకలే వాడుచున్నారు. నా పట్టీలోను తప్పు లేదు. అంతవరకు జరిగిన దాని లెక్క పాత చేతినుండి కొత్త చేతికి అందలేదు. తప్పంతయు అక్కడనే యున్నది. ఆ లెక్క నీరటి తలలో ఉండెను. మేము అడుగలేదు.

ఇక గోదావరి సంగతి. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని ఆరంభించి 1852లో ముగించెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆ కట్ట ఏటిపాయలను అడ్డగించి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీటిని మళ్లించెను. కాలక్రమమున నీటి అవసరము పెరిగెను. 1862 మొదలు 1867 వరకు కట్టను రెండడుగులు లేపిరి. 1897–99 నడుమ మరి తొమ్మిది అంగుళములు లేపిరి. 1936లో పైన తలుపులు అమర్చిరి. ప్రతి తడవయు కింద లక్షల యెకరములు ఆ నీటినే నమ్ముకొని యుండెను. వేసవియందు కాలువలు కట్టివేయు కొద్ది దినములు, వరద రానికాలము, ఇవియే పనివారికి దొరకిన వ్యవధి.

నూరేండ్లు దాటిన పిమ్మట అతుకులతో సాగదని తేలెను. కొత్త బ్యారేజి కట్టవలెనని నిర్ణయమయ్యెను. 1970లో పని మొదలై 1982లో పూర్తియయ్యెను. 175 తలుపులుగల ఆ కట్టడమునకు కాటన్ పేరే పెట్టిరి. ఇక్కడ మనము గమనింపవలసినది ఆ పన్నెండేండ్ల కాలమును. కొత్తది కట్టుటకని పాతదానిని ముందుగా పడగొట్టినచో డెల్టా రైతు ఏమి తినును? అట్లు చేయలేదు. పాత ఆనకట్ట తన పని తాను చేయుచుండగా, కొత్తది దాని చెంతనే లేచెను. కొత్తది భారము మోయగలదని తేలిన పిమ్మటనే పాతదానికి విశ్రాంతి దొరకెను. ఆ రెండు కట్టడములకు అయిన ఖర్చు ఒక కట్టడపు ఖర్చుకంటె ఎక్కువ యని వాదింపవచ్చును. నిజమే. పైరు ఎండకుండుటకు చెల్లించిన మూల్యము అది.

ఇట్లు సకాలమున మార్చనిచో ఏమగునో కృష్ణానది చూపినది. బెజవాడ ఆనకట్ట 1852 మొదలు 1855 వరకు కట్టినది. 1952లో వరదకు దానికి గండి పడెను. అప్పుడు తాత్కాలికముగా అడ్డుకట్ట వేసికొనుచు, ఆదరాబాదరాగా కొత్తదానికి పూనుకొనవలసి వచ్చెను. ప్రకాశం బ్యారేజి పని 1954లో మొదలై 1957లో ముగిసెను. మార్పునకు ముహూర్తము మనము పెట్టనిచో ఏరే పెట్టును.

నీరు కంటికి కనబడు వస్తువు. కంటికి కనబడని ప్రవాహములు కొన్ని కలవు. రైలు టిక్కెట్ల అమ్మకము అట్టిది. ఒకడు కొనును, ఒకడు రద్దు చేసికొనును, మూడవవానికి ఆ ఖాళీ దొరకును. ఇది తెగని ధార. మన దేశమున కంప్యూటరు రిజర్వేషను 1985లో ఢిల్లీయందు ప్రయోగముగా మొదలై, 1989 నాటికి సికింద్రాబాదునకు వచ్చెను. మొదట నడచిన ప్రోగ్రామునకు బదులుగా రైల్వేల కంప్యూటరు సంస్థయైన క్రిస్ వారు కాన్సర్ట్ అను కొత్తదానిని సిద్ధము చేసిరి. ప్రోగ్రాము అనగా యంత్రము ఏ వరుసన ఏ పని చేయవలెనో తెలుపు ఆజ్ఞల పట్టీ యని యనుకొనుడు. ఆ కొత్తదానిని మొట్టమొదట 1994లో సికింద్రాబాదుననే నెలకొల్పిరి. 1999 ఏప్రిల్ నాటికి దేశమునందలి అయిదు కేంద్రములును కలిసి ఒక్క వలయై, ఏ ఊరినుండియైనను ఏ బండికైనను టిక్కెట్టు కొనుటకు వీలయ్యెను.

ఇందులోని చిక్కు ఆలోచింపుడు. టిక్కెట్లు ప్రయాణమునకు వారములకు ముందే అమ్ముదురు. కనుక ఏనాడు చూచినను, అమ్మియు ఇంకను ప్రయాణము కాని టిక్కెట్లు వేలకొలది జనుల సంచులలో ఉండును. అన్నియు తీరిపోయిన దినము ఎన్నటికిని రాదు. పాత ప్రోగ్రాము అమ్మిన టిక్కెట్టును కొత్త ప్రోగ్రాము మన్నింపవలెను. అదే పరుండు పలకను ఇంకొకనికి అమ్మరాదు. రాత్రివేళ కొంతసేపు రిజర్వేషను నిలిపి లెక్కలు సరిచూచుకొనుట రైల్వేలలో చిరకాలపు వాడుక. ఆ కొద్దిసేపు వారికి వేసవి కాలువకట్టు వంటిది. కాని నిలిపినంతనే పని కాదు. ఎవరి పలక ఎవరిదో ఆ వివరమంతయు ఒక్కటియు జారకుండ కొత్త చిట్టాకు ఎక్కవలెను. ఇది నా పట్టీయందు లోపించిన పనియే.

ఈనాడు ఇట్టి ధారలు మరి పెరిగినవి. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చినది. అంగడిలో ఫోనుతో పైకము చెల్లించుట మన పల్లెలలో పరిపాటియైనది. ఇట్లు రేయింబవళ్లు వచ్చు సమాచారమును వచ్చినది వచ్చినట్లు లెక్కకట్టు ప్రోగ్రాములు అనేకములు లోకమున నడుచుచున్నవి. నా మనుమరాలు హైదరాబాదులో అట్టి పనియందున్నది. పండుగకు వచ్చినపుడు, ఒక రాత్రి వేళగాని వేళ లేచి, పని నడుచుచుండగనే ప్రోగ్రాము మార్చుచున్నామని చెప్పెను. "ఆపి మార్చరాదా?" యని అడిగితిని. "తాతయ్యా, ఆపుడు కష్టం కాదు. ఎక్కడ ఆపినమో యాది పెట్టుకునుడే కష్టం" అనెను. నాకు మా నీరటి మాట చెవిలో మ్రోగెను. ఆమె వలనను, పిదప చదువుటవలనను తెలిసికొన్నదానిని చెప్పెదను.

మొదటి చిక్కు లెక్క నిలుపుట. ఒక పెద్ద కాలువకు పదిచోట్ల పది తూములున్నవనుకొనుడు. మొత్తము నీరెంత పారినదో ఒక్క క్షణమున తెలియవలెను. ఒక్కొక్కడు తనకు తోచిన వేళ వ్రాసినచో, నడుమ దారిలోనున్న నీరు రెండుసార్లు లెక్కకు రావచ్చును, లేదా అసలే రాకపోవచ్చును. 1985లో దీనికి ఉపాయము చెప్పినవారు ఇద్దరు. ఒకరు మన దేశమువాడై, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలో ఆచార్యత్వము చేసిన మణి చాందీ. రెండవవారు అమెరికావాసియైన లెస్లీ లాంపోర్ట్. వారి ఉపాయమును మన భాషలో చెప్పిన ఇట్లుండును: కాలువ తలాపున పసుపు పూసిన కొయ్యముక్క ఒకటి విడువుడు. అది తన తూమును చేరినపుడు ప్రతివాడును తన లెక్క వ్రాసికొని, కొయ్యను ముందుకు పంపవలెను. కొయ్యకు ముందు వచ్చిన నీరు పాత లెక్కలోనిది. వెనుక వచ్చినది కొత్త లెక్కలోనిది. రెండు పాయలు కలియుచోట నున్నవాడు, ఒక పాయలో కొయ్య కనబడగనే తన లెక్క వ్రాసికొని, రెండవ పాయలో కొయ్య కనబడువరకు అందులో వచ్చిన నీటిని వేరుగా పాత లెక్కలో వ్రాసికొనవలెను. కాలువ ఎక్కడను నిలువలేదు. లెక్క మాత్రము ఒక్క గీతమీద తెగినది.

బెర్లిన్ విశ్వవిద్యాలయ పరిశోధనలోనుండి పుట్టి, 2014 నుండి అపాచీ సంస్థ నీడను పెరిగిన ఫ్లింక్ అను సాధనము ఈ పద్ధతినే కొంత మార్చి అనుసరించుచున్నది. ప్రోగ్రామును మార్చదలచినపుడు ఇట్టి గీత యొకటి గీసి, అప్పటి లెక్కనంతయు భద్రపరచి, పాతదానిని దింపి, కొత్తదానిని ఆ లెక్కనుండియే నడిపింతురు. ఇందులో ఒక నియమము నాకు మిక్కిలి నచ్చినది. ప్రోగ్రామునందలి ప్రతి విభాగమునకును మారని పేరొకటి ముందే పెట్టి యుండవలెను. పేరు లేనిచో, కొత్త ప్రోగ్రామునందు విభాగముల వరుస మారినపుడు, ఏ లెక్క ఎవరిదో తెలియదు. భూమికి సర్వే నంబరు లేనిచో పట్టాదారు మారినపుడు ఎంత గందరగోళమో అంత గందరగోళము.

రెండవ చిక్కు, ఆ మార్పు జరుగు కొద్దిసేపును వచ్చిపడు సమాచారము ఏమగును? దీనికి మన కాకతీయులనాటి గొలుసుకట్టు చెరువులను తలంపుడు. పై చెరువు నీటిని పట్టి యుంచినచో కింద తూము పని చేసికొనవచ్చును. నీరు ఎక్కడికిని పోదు. లింక్డిన్ అను అమెరికా సంస్థలో పుట్టి 2011లో అందరికిని ఇవ్వబడిన కాఫ్కా అట్టి పై చెరువు. వచ్చినదంతయు వచ్చిన వరుసన అందులో వ్రాసియుండును, చదివినంతమాత్రమున చెరిగిపోదు. కొత్త ప్రోగ్రాము లేచి, పాతది విడిచినచోటినుండి చదువుకొనుచు వెనుకబడిన దానిని అందుకొనును. దానిని నిర్మించినవారిలో ఒకరైన జే క్రెప్స్ 2014లో ఇంకొక పద్ధతి చెప్పెను. పాత ప్రోగ్రామును కదలింపవద్దు. కొత్తదానిని దాని పక్కననే నిలిపి, వ్రాతను మొదటినుండి చదివించి, దాని ఫలితములను వేరొక చిట్టాలో వ్రాయింపుము. రెండును సమానమైన పిమ్మట జనులను కొత్త చిట్టావైపు త్రిప్పుము. ఆ తరువాతనే పాతదానిని తీసివేయుము. ఆనకట్ట చెంత బ్యారేజి లేచిన తీరును దీనిని పక్కపక్కన నుంచి చూడుడు. పేర్లు తప్ప భేదము లేదు.

మూడవ చిక్కు, మార్పువేళ సగములోనున్న పనులు. టెలిఫోను మాటలాడుచున్నవాని మాట తెంచరాదు గదా! స్వీడను దేశపు ఎరిక్సన్ సంస్థలో 1980 దశకమున జో ఆర్మ్‌స్ట్రాంగ్ మొదలగువారు ఎర్లాంగ్ అను కంప్యూటరు భాషను కల్పించిరి. అందులో ఒక విభాగమునకు పాతది, కొత్తది, రెండు ప్రతులు ఏకకాలమున ఉండవచ్చును. పాతదానిలో మొదలైన పని పాతదానిలోనే సాగవచ్చును. కొత్తగా వచ్చునది కొత్తదానిలో చేరును. అయితే రెండింటికి మించి ఉండుటకు వీలులేదు. మూడవది తేవలెనన్నచో మొదటిదానిని పట్టుకొని వ్రేలాడువారిని తొలగింపవలసినదే. పాతవానికి గడువు ఇయ్యవలెను, ఆ గడువునకు ఒక హద్దును ఉండవలెను. ఇది ఇంటి పెత్తనము కొడుకునకు అప్పగించు తండ్రికి తెలిసిన నీతియే.

ఈ మాటలన్నియు పట్టణములలోని యంత్రముల సంగతులని త్రోసివేయకుడు. 2016 అక్టోబరు 11న, దసరానాడు, మన పెద్దవంగర కొడకండ్ల మండలమునుండి వేరై తానే మండలమయ్యెను. వరంగల్లు జిల్లాను వీడి మహబూబాబాదు జిల్లాలో చేరెను. పింఛనులు, రేషను కార్డులు, పహాణీలు ఒక కచేరీనుండి మరియొక కచేరీకి పోవలసి వచ్చెను. జనుల అక్కరలు ఆ దినమున నిలువలేదు. 2020 సెప్టెంబరులో తెలంగాణమున రిజిస్ట్రేషనులు నిలిపి, అక్టోబరు 29న ధరణిని తెరచిరి. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చెను. నేను ఒకదానిని పొగడుటకుగాని మరియొకదానిని తెగడుటకుగాని ఇది చెప్పుట లేదు. భూమి లెక్కయు పారుచున్న ఏరే యని చెప్పుచున్నాను. అమ్మకములు, పంపకములు, వారసత్వములు నిత్యము జరుగుచునే యుండును. కొన్ని దినములు తలుపు మూసినను, సగములోనున్న దరఖాస్తు సగములోనే యుండును. పాత చిట్టాలోని తప్పు కొత్త చిట్టాలోనికి నడచి వచ్చును, పాత చిట్టాలోని ఒప్పు ఒక్కొక్కపుడు దారిలో జారిపోవును.

కావున పెద్దలారా, మీ ఊరిలో ఏ నడుచుచున్న పనిని మార్చవలసి వచ్చినను, అది చెరువు తూమైనను, సంఘపు పద్దు పుస్తకమైనను, పాల కేంద్రపు లెక్కయైనను, కొత్తది ఎంత మంచిదో అడుగుటకు ముందు కొన్ని ప్రశ్నలు అడుగుడు. పాత లెక్క ఏ గీతవద్ద తెగుచున్నది? ఆ గీత అందరికిని తెలియునా? ఇంతవరకు జరిగినదంతయు ఎవరి తలలోనో ఉన్నదా, కాగితముమీద ఉన్నదా? సగములోనున్నవారి సంగతి యేమి? కొత్తది చెడినచో పాతదానికి మరలుటకు దారి ఉంచితిమా? ఈ ప్రశ్నలకు జవాబులు దొరకువరకు పాతదానిని పడగొట్టనీయకుడు. దొరకిన పిమ్మట మాత్రము జాగు చేయకుడు. బెజవాడ గండిని మరువకుడు.

మరియు కాలువ కొనయందున్నవారిని పిలిచి అడుగుడు. తలాపున ఉన్నవానికి ఏ మార్పునందును నష్టము తక్కువ. లెక్క తెగినచో ముందు ఎండునది కడపటి మడియే.

మా నీరటి పోయి చాల యేండ్లయినది. ఆ ఇల్లాలును లేదు. ఆమె ప్రశ్న మాత్రము నాయొద్ద మిగిలి యున్నది. జవాబు నాకు ఇప్పుడు తెలియును: ఆమె వంతు నీటిలో పోలేదు, భూమిలో ఇంకలేదు; నేను వ్రాసిన కొత్త కాగితమునకును పాత లెక్కకును నడుమ జారిపోయెను. ఆనాడు అరుగుమీద అట్లు చెప్పి ఒప్పుకొనవలసినది. నేడు మీయెదుట ఒప్పుకొనుచున్నాను.